ఒకే కుండీలో రెండు రకాల మట్టి: నిజాంపేట ఫ్లాట్ కేసు

ఇళ్ళల్లో ఆఫీసుల్లో మొక్కల మెయింటెనెన్స్ నా పని. నెలనెలా చూసే ఇళ్ళు కాకుండా "మొక్కలు పోతున్నాయండీ, ఒకసారి వచ్చి చూడండి" అనే కాల్స్ కూడా వస్తుంటాయి, ఇది అలాంటి కేసు. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఒకే ఇల్లు, ఒకే నర్సరీ నుంచి ఒకే రోజు వచ్చిన మొక్కలు, అయినా కొన్ని నీళ్ళెక్కువై పోతున్నాయి, కొన్ని నీళ్ళందక పోతున్నాయి, పైకి చూస్తే మాత్రం అన్నిటికీ అవే పసుపు ఆకులు. పోసే మనిషి ఒక్కరే, పోసే మగ్గు కూడా ఒక్కటే.

ఇల్లు నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్, నాలుగో ఫ్లోర్, పడమర బాల్కనీ. భార్యాభర్తలిద్దరికీ ఆఫీసులు, మొక్కల పని అంతా ఆ అమ్మాయి అత్తగారు చూసుకుంటారు. సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొస్తూ కడియం నర్సరీలుండే కడియపులంక దగ్గర ఆగి డిక్కీ నిండా, వెనక సీట్లో కాళ్ళ దగ్గర కూడా మొక్కలు పెట్టుకుని వచ్చారు. గోదావరి జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చే కార్లలో ఇది మామూలే కదా. నన్ను పిలిచేసరికి జూలై. లోపల హాల్లో, బెడ్‌రూముల్లో 13: స్నేక్ ప్లాంట్లు 3, జీజీ (ZZ) ప్లాంట్లు 2, మనీ ప్లాంట్లు 3, పీస్ లిల్లీలు 2, అరెకా పామ్‌లు 2, రబ్బర్ ప్లాంట్ 1. బాల్కనీలో 9: ఇంకో రెండు అరెకాలు, క్రోటన్లు 2, అగ్లోనిమాలు 2, సాంగ్ ఆఫ్ ఇండియా 1, జేడ్ 1, తులసి 1. తులసిని నేను ముట్టుకోలేదు, అది బాగానే ఉంది, పైగా అది ఇంట్లో మొక్కే కాదు, దానికి ఎండ కావాలి, ఎండ దొరికింది, అంతే.

ఇన్ని ఎందుకు కొన్నారంటే గాలి శుభ్రం చేస్తాయని. ఇది ప్రతి ఇంట్లో వింటా కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. 1989లో నాసా కోసం వుల్వర్టన్ అనే ఆయన చేసిన ప్రయోగం నిజమే, కానీ అది మూసేసిన చిన్న చాంబర్‌లో చేసింది, తలుపులు కిటికీలు ఉన్న ఇంట్లో కాదు. 2019లో అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్ళు అలాంటి పాత ప్రయోగాలన్నీ తీసి మళ్ళీ లెక్కేస్తే, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు పెట్టాలని తేలింది. అంటే హాల్లో మనుషులకి చోటుండదు. మొక్కలు పెంచుకోండి, బాగుంటాయి కాబట్టి పెంచుకోండి, ప్యూరిఫయర్ అనుకుని చీకటి బెడ్‌రూమ్ మూలల్లో మాత్రం కుక్కొద్దు.

వెళ్ళగానే కనిపించినవి ఇవి. హాల్లో స్నేక్ ప్లాంట్ ఆకు ఒకటి పట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చేసింది, మొదట్లో మెత్తగా, మురుగు వాసన. పీస్ లిల్లీలు రెండూ వాలిపోయి ఉన్నాయి. మనీ ప్లాంట్ల కింది ఆకులు వరసగా పసుపు. కుండీ కదిలిస్తే చిన్న చిన్న నల్ల దోమల్లాంటివి లేచాయి. బాల్కనీలో అరెకాలు సగం పసుపు, ఆకు చివర్లు గోధుమరంగులో ఎండిపోయి, అగ్లోనిమాలు మచ్చలు మచ్చలుగా కాలిపోయి ఉన్నాయి, క్రోటన్లు కింద ఆకులు రాల్చేసి పైన గొడుగులా మిగిలాయి.

పెద్దావిడ లెక్క ఏంటంటే నీళ్ళు తగ్గాయేమో అని ఎండాకాలంలో పెంచారు, ఎక్కువయ్యాయేమో అని వానలు పడ్డాక తగ్గించారు, మళ్ళీ వాలిపోతున్నాయని పెంచారు. పొద్దున పూజ అయ్యాక ఒక్కో కుండీకి సగం మగ్గు. "కడియంలో ఎంత పచ్చగా ఉన్నాయో బాబూ, ఇక్కడికొచ్చాక ఏ దిష్టి తగిలిందో" అన్నారు. కోడలు గారు యాప్‌లో ఆకు ఫొటో పెట్టి చూస్తే ఒకసారి ఓవర్ వాటరింగ్ అని, ఇంకోసారి అండర్ వాటరింగ్ అని చూపించిందట. నవ్వకండి, రెండూ కరెక్టే.

ఆకు చూసి కేసు తేల్చడం నేను మానేసి చాలా కాలమైంది. పసుపు అనేది చెట్టు ఇచ్చే ఒకే ఒక్క కంప్లైంట్, వేళ్ళకి గాలి అందకపోయినా అదే, నీరందకపోయినా అదే, నత్రజని లేకపోయినా అదే. కాబట్టి హాల్లోంచి ఒక స్నేక్ ప్లాంట్, బాల్కనీలోంచి ఒక అరెకా తీసుకుని, పేపర్లు పరిచి, కుండీల్లోంచి బయటికి లాగి, మట్టిముద్దల్ని పక్కపక్కన పెట్టి చూశాం.

రెండిట్లోనూ అదే సీను. బయట చుట్టూ కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), లోపల నర్సరీ కవర్లో వచ్చిన బంకమట్టి ముద్ద, కవరు తీసేసి అలాగే దించేశారు. పక్కన కోకోపీట్ నింపి అడుగున గులకరాళ్ళు వేశారు. ఇంటికి వచ్చి కుండీలు మార్చింది వేరే మాలీ అట, చాలామంది ఇలాగే చేస్తారు, పని తొందరగా అవుతుంది. హాలు ముద్దని చాకుతో కోస్తే లోపల నల్లగా జిగటగా తడి, వాసన, వేళ్ళని పట్టుకుని లాగితే పైతొక్క జారిపోయి లోపల దారం మిగులుతోంది. బాల్కనీ ముద్ద చాకుకి లొంగలేదు, ఇటుకలా ఉంది, చివరికి స్క్రూడ్రైవర్‌తో పగలగొట్టాల్సి వచ్చింది, లోపల పొడి, పైన చుట్టూ ఉన్న కోకోపీట్ మాత్రం తడి. పెద్దావిడ ఆ పొడి మట్టి చేత్తో నలిపి చూసి "పొద్దున్నే పోశాను కదయ్యా!" అన్నారు. పోశారు, నిజమే. ఆ నీళ్ళు ముద్దని ముట్టుకోకుండా పక్కనుంచి దిగి కిందికి పోయాయి.

అసలు విషయం ఇక్కడుంది కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా. బంకమట్టిలో కణాలు చాలా సన్నం, వాటి మధ్య సందులు ఇంకా సన్నం, నీటిని గట్టిగా పట్టుకుంటుంది. చుట్టూ ఉన్న మిశ్రమంలో సందులు పెద్దవి. సన్న సందుల్లో ఉన్న నీరు పెద్ద సందుల్లోకి తనంతట తాను దిగదు, లోపల పూర్తిగా నిండి పొంగితే తప్ప. కాబట్టి నీడలో ఉన్న కుండీలో ఆ ముద్ద ఒకసారి నానితే వారాల తరబడి నానే ఉంటుంది, పైన కోకోపీట్ ఆరినట్టు లేత రంగుకి వస్తుంది, మనం పొడి అనుకుని మళ్ళీ పోస్తాం. ఎండలో ఉన్న కుండీలో ఉల్టా, ఏప్రిల్ మేలో ఆ ముద్ద ఎండి కుంచించుకుపోయి చుట్టూ సన్న ఖాళీ వస్తుంది, తర్వాత ఎంత పోసినా నీరు ఆ ఖాళీ దారినే పోతుంది, కింద ప్లేట్లో నీళ్ళు కనిపిస్తాయి, బాగా తడిసింది అనుకుంటాం. కోకోపీట్ కూడా పూర్తిగా ఎండితే మొదట్లో నీటిని తోసేస్తుంది, అదొకటి.

గులకరాళ్ళ సంగతి కూడా ఇదే సూత్రం. అడుగున రాళ్ళు వేస్తే నీళ్ళు బాగా దిగుతాయని అందరూ అంటారు. దిగవు. పైన ఉన్న సన్నటి మిశ్రమం నిండేదాకా నీరు రాళ్ళలోకి రాదు, ఆ తడి మట్టం రాళ్ళ పైకి జరుగుతుంది, అంటే వేళ్ళకి ఇంకా దగ్గరగా వస్తుంది. చిల్లు మీద ఒక పెంకు ముక్కో దోమతెర ముక్కో చాలు, మట్టి కారకుండా.

నర్సరీ వాళ్ళది తప్పని నేననను. అక్కడ షేడ్‌నెట్ కింద, ఆరుబయట, గాలి ఆడే చోట, రోజూ పైపుతో తడిపేవాళ్ళకి ఆ మట్టి సరిపోతుంది. లారీల్లో వందల కిలోమీటర్లు ప్రయాణం చెయ్యాలంటే ముద్ద చెదరకుండా ఉండాలి, దానికి బంకమట్టే నమ్మకం. ఆ మట్టిని అలాగే తెచ్చి ఏసీ హాల్లో చిల్లు లేని సిరామిక్ కుండీలో పెడితే అది ఇంకో లెక్క. ఈ ఇంట్లో పైన చూపుకి పెట్టిన తెల్ల సిరామిక్ వాటికి ఒక్కదానికీ చిల్లు లేదు, జీజీ ఒకటి ఎత్తి చూస్తే అడుగున రెండు వేళ్ళ మందం నీళ్ళు నిలిచి ఉన్నాయి.

తర్వాత వెలుతురు. ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ పెట్టి, మబ్బు లేని పూట ఒక్కో మొక్క ఆకు దగ్గర ఫోన్ పెట్టి చూశాం. ఫోన్ సెన్సార్ లెక్క పక్కాగా ఉండదు, కానీ ఇంటి పనికి చాలు, చోటుకీ చోటుకీ తేడా తెలిస్తే చాలు. టీవీ పక్క మూల 60, సోఫా వెనక 120, బెడ్‌రూమ్ కిటికీ దగ్గర 900, హాల్లో బాల్కనీ తలుపు దగ్గర 1800, బాల్కనీలో సాయంత్రం నాలుగింటికి 55 వేల పైన. ఇంట్లోవాళ్ళు నమ్మలేదు, హాలు వెలుతురుగానే ఉంది కదా అన్నారు. మన కళ్ళు సర్దుకుంటాయి, ఆకులు సర్దుకోలేవు. 60 లక్స్‌లో మొక్క బతకదు, నిదానంగా పోతుంది, కాకపోతే స్నేక్ ప్లాంట్ లాంటివి నెలల తరబడి పోతాయి కాబట్టి నీడలో కూడా పెరుగుతాయి అని పేరొచ్చింది. వెలుతురు లేకపోతే ఆకు నీరు లాగదు, ఆకు లాగకపోతే వేరు తాగదు, వేరు తాగకపోతే ఆ బంక ముద్ద ఆరదు. అంటే మూలలో ఉన్న కుండీకి, తలుపు దగ్గర కుండీకి ఒకే సగం మగ్గు అనేది మొదటి రోజు నుంచే లెక్క తప్పింది.

ఇక నీళ్ళు. ఈ అపార్ట్‌మెంట్‌కి బోరు, చాలకపోతే ట్యాంకర్. నీళ్ళలో కరిగిన ఉప్పులెన్నో చూపించే టీడీఎస్ మీటర్ పెడితే కుళాయి నీళ్ళు 800 దాటాయి. అదైనా ఓకే అనుకోవచ్చు, కానీ మొక్కలకి పోస్తున్నది కుళాయి నీళ్ళు కాదు, ఆర్వో వేస్ట్ వాటర్. ట్యూబ్ బకెట్లో పెట్టి, నీళ్ళు వృథా కాకూడదని పెద్దావిడ అవే మొక్కలకి పోస్తున్నారు. ఆలోచన మంచిదే, అయితే ఆర్వో ఉప్పంతా విడదీసి పంపేది ఆ ట్యూబ్‌లోకే కాబట్టి అందులో టీడీఎస్ 1300 దగ్గర వచ్చింది. కుండీ అంచుల మీద తెల్ల పొర, అరెకా చివర్ల ఎండు, సాంగ్ ఆఫ్ ఇండియా అంచుల్లో గోధుమరంగు, అన్నీ దీని వాటా. అరెకా, సాంగ్ ఆఫ్ ఇండియా లాంటి డ్రసీనా జాతి, స్పైడర్ ప్లాంట్ ఈ ఉప్పుల్ని ఊరికే చూపించేస్తాయి, డ్రసీనాలు, స్పైడర్ ప్లాంట్ అయితే ఫ్లోరైడ్‌కి కూడా సెన్సిటివ్. నల్గొండ వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్ళ గురించి మనకి కొత్తగా చెప్పేదేముంది. ఆర్వో వేస్ట్ నీళ్ళు బాత్‌రూమ్ కడగడానికి, బాల్కనీ తుడవడానికి వాడుకోండి, మొక్కలకి వద్దు అని చెప్పా. మొక్కలకి వానాకాలం బాల్కనీ అంచున బకెట్ పెట్టి పట్టిన వాన నీళ్ళు, మిగతా కాలం ఏసీ పైపులోంచి కారే నీళ్ళు. ఏసీ నీళ్ళు గాలిలో తేమ చల్లబడి కారేవి, ఉప్పు దాదాపు ఉండదు. రెండు బెడ్‌రూముల ఏసీ పైపులూ బాల్కనీలోకే దిగుతున్నాయి, ఇన్నాళ్ళూ అవి డ్రైన్‌లోకి పోయాయి, ఉప్పు నీళ్ళు కుండీల్లోకి వచ్చాయి.

చికిత్స అన్నిటికీ ఒకటి కాదు, ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు, యూట్యూబ్‌లో చూసి అన్నిటి వేళ్ళూ కడిగేస్తారు.

స్నేక్ ప్లాంట్లు: మూడింటి ముద్దల్నీ బకెట్ నీళ్ళలో నానబెట్టి, మట్టి మెత్తబడ్డాక వేళ్ళతో విడదీసి, కుళ్ళిన దుంప తెల్లగా గట్టిగా కనిపించేదాకా కోసేశాం. టీవీ మూలలోదానికి కోస్తూ పోతే ఏమీ మిగల్లేదు, దాని ఆకులు బెత్తెడు ముక్కలుగా కోసి, నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి, తడి తక్కువ మిశ్రమంలో గుచ్చాం. పసుపు అంచు రకం కదా, ఆకు ముక్క నుంచి వచ్చే పిల్లలకి ఆ పసుపు అంచు రాదు, ఉత్త పచ్చగా వస్తాయి. అదే రకం కావాలంటే దుంప విడదీసి పెట్టాలి. ఇది ముందే చెప్పకపోతే తర్వాత "ఇది మా మొక్క కాదండీ" అంటారు.

జీజీలు: దీని కింద బంగాళాదుంపల్లాంటి దుంపలుంటాయి, నీళ్ళు అందులోనే దాచుకుంటుంది, నెల పోయకపోయినా ఏమీ అనదు. ఒకదానికి దుంప ఒకటి మెత్తబడింది, తీసేసి, కోసిన చోట ఆరబెట్టి మళ్ళీ నాటాం. రెండోది మట్టి మార్చాం, అంతే.

మనీ ప్లాంట్లు: వేళ్ళు కడిగి కాపాడే కష్టం దండగ. కణుపు ఉన్న ముక్కలు కోసి, కణుపు మునిగేలా నీళ్ళ సీసాల్లో పెట్టాం, పాత వేళ్ళు పోయినా కొత్తవి వస్తాయి. కణుపు లేకుండా ఉత్త ఆకు కాడ పెడితే నెలల తరబడి పచ్చగా ఉంటుంది గానీ మొక్క రాదు, చాలా ఇళ్ళల్లో అలాంటి సీసాలు చూస్తుంటా.

పీస్ లిల్లీలు: ఇది నీళ్ళు లేకపోయినా వాలుతుంది, వేళ్ళు కుళ్ళినా వాలుతుంది. దాహంతో వాలితే పోసిన కొన్ని గంటల్లో లేస్తుంది. లేవలేదంటే ఇంకా పొయ్యకూడదు, మట్టిలో వేలు పెట్టి చూడాలి. ఒకదానికి తెల్ల వేళ్ళు కొన్ని మిగిలాయి, వాటికి తగ్గట్టు ఆకులు సగం తీసేసి చిన్న కుండీలోకి మార్చాం. రెండోది పోయింది.

అరెకాలు మాత్రం జాగ్రత్త. పామ్ జాతికి వేళ్ళు కదిలిస్తే కోపం. వీటి ముద్ద నేను విప్పను. బాల్కనీ వాటిని కుండీతో సహా బకెట్‌లో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, నీరు వడిచాక, ముద్దలోకి పొడవాటి ఇనుప పుల్లతో పైనుంచి కిందిదాకా అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) కలిపిన మిశ్రమం పోశాం, నీళ్ళు లోపలికి దిగడానికి దారి. బయటి అంచు మాత్రం కొంచెం గీకి వదులు చేశాం. హాల్లో సోఫా వెనక ఉన్నది అప్పటికే వేళ్ళు పోయి ఉంది, చేసేదేం లేదు. ఇంకోటి తలుపు దగ్గరికి జరిపాం.

బాల్కనీ అగ్లోనిమాలకి మట్టి మార్చి బెడ్‌రూమ్ కిటికీ దగ్గరికి తెచ్చేశాం, పడమటి ఎండ వాటికి ఎక్కువ. క్రోటన్ల ఆకు కింద సాలెగూడు లాంటి సన్న బూజు, అంటే ఎర్రనల్లి పురుగు. రెండు రోజులకోసారి పైపుతో ఆకు అడుగు గట్టిగా కడిగి, సాయంత్రం పూట లీటరుకి 5 ఎంఎల్ వేపనూనె, కొన్ని చుక్కలు లిక్విడ్ సోప్ కలిపి కొట్టమన్నా. ఎండలో కొట్టొద్దు, ఆకు కాలుతుంది. రబ్బర్ ప్లాంట్, జేడ్ వెలుతురులో ఉండి బాగానే లాక్కొస్తున్నాయి, వాటిని ఇప్పుడు కదపలేదు.

మిశ్రమం: కడిగిన కోకోపీట్ రెండు వంతులు, పెర్లైట్ ఒకటి, వర్మీకంపోస్ట్ ఒకటి, కుండీకి గుప్పెడు వేపపిండి. స్నేక్, జీజీలకి పెర్లైట్ రెండింతలు, కంపోస్ట్ తక్కువ. కోకోపీట్ ఇటుక నానబెట్టిన నీళ్ళు ఒంపేసి మళ్ళీ ఒకటి రెండుసార్లు కడగాలి, కడగని దాంట్లో ఉప్పు ఉంటుంది. కుండీలు అన్నీ చిల్లులున్న మామూలు ప్లాస్టిక్‌వి, ముద్ద కన్నా ఒకటి రెండు అంగుళాలు పెద్దవి, అంతకన్నా పెద్దవి వద్దు. వాటిని తీసుకెళ్ళి ఆ సిరామిక్ వాటిలో దించాం, అందం పోకుండా.

నీళ్ళ పద్ధతి మార్చడం మందు కన్నా కష్టం. "పొద్దున్నే మొక్కలకి నీళ్ళు పోయకపోతే నాకు మనసొప్పదు బాబూ" అన్నారు పెద్దావిడ. సరేనమ్మా, తులసికి, బాల్కనీ వాటికి మీ ఇష్టం, హాల్లో వాటికి మాత్రం పొద్దున నీళ్ళ బదులు పుల్ల పరీక్ష చెయ్యండి అన్నా. కొబ్బరి చీపురు పుల్ల కుండీ అడుగుదాకా గుచ్చి కాసేపుంచి తియ్యాలి, చిన్న కుండీలకి కాలిపోయిన అగరబత్తి పుల్ల చాలు. స్నేక్, జీజీలకి పుల్ల అడుగుదాకా పొడిగా రావాలి. మనీ ప్లాంట్‌కి పై సగం పొడి. పీస్ లిల్లీ, అగ్లోనిమా, అరెకాలకి పైన రెండు వేలికణుపుల లోతు ఆరితే చాలు. పోసినప్పుడు సగం మగ్గు కాదు, బాత్‌రూమ్‌లో పెట్టి కింద నుంచి ధారగా కారేదాకా పోసి, వడిచాక సిరామిక్‌లోకి. రోజూ కొంచెం కొంచెం పోస్తే పై పొర ఎప్పుడూ తడి, ఉప్పు ఎప్పుడూ కిందికి కొట్టుకుపోదు. ఆమెకి ఈ పుల్లల పని నచ్చింది, కుండీకో పుల్ల గుచ్చి ఉంచేశారు, వచ్చినవాళ్ళు ఇదేంటని అడుగుతున్నారట.

ఆ నల్ల దోమల గురించి వాళ్ళకి డెంగ్యూ భయం. ఇవి ఫంగస్ నాట్స్, కుట్టవు. పై రెండు అంగుళాల తడి మట్టిలో గుడ్లు పెడతాయి, పురుగు అక్కడే కుళ్ళుతున్న పదార్థం, లేత వేళ్ళు తిని పెరుగుతుంది, గుడ్డు నుంచి దోమ దాకా మూడు నాలుగు వారాలు. ఈ ఇంట్లో వాటికి విందు నడుస్తోంది, బియ్యం కడిగిన నీళ్ళు, చక్కెర ఉన్న టీ పొడి, ఉల్లిపొట్టు నీళ్ళు, అన్నీ కుండీల్లోకే. ఆరుబయట తోటలో అవి సరే, హాల్లో కుండీలో వద్దు. అవి ఆపి, పై మట్టి ఆరనిచ్చి, పసుపు జిగురు అట్టలు పెట్టి, నీళ్ళలో బీటీఐ పొడి (దోమ పురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందు) కలిపి వారానికోసారి పోశాం. అట్ట పెద్ద దోమల్ని పడుతుంది, బీటీఐ పురుగుని చంపుతుంది, ఒకటే వాడితే మళ్ళీ వస్తాయి. అసలు డెంగ్యూ దోమకి చోటు వేరే ఉంది, ప్లేట్లలో నిలిచిన నీళ్ళు, మనీ ప్లాంట్ సీసాలు. శుక్రవారం డ్రై డే అని చెప్తుంటారు కదా, ఆ రోజు ప్లేట్లు వంచి, సీసాల నీళ్ళు మార్చి, సీసా లోపలి గోడ రుద్ది కడగమన్నా, గుడ్లు గోడకి అంటుకుంటాయి.

ఒక పేచీ వచ్చింది. వాస్తు ప్రకారం మనీ ప్లాంట్ ఆగ్నేయంలోనే ఉండాలి, ఆ ఆగ్నేయ మూలలో యాప్ 40 లక్స్ చూపించింది. నేను వాస్తు మాట్లాడను, వాళ్ళ ఇల్లు, వాళ్ళ నమ్మకం. మొక్కని జరపలేనప్పుడు వెలుతురునే జరపాలి. మొక్కకి ఒక అడుగు ఎత్తున మామూలు తెల్ల ఎల్ఈడీ బల్బు, 12 వాట్లది, టైమర్ ప్లగ్‌తో పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. ఆకు దగ్గర 1500 పైన వచ్చింది, కరెంటు నెలకి నాలుగైదు యూనిట్లు. ఊదా రంగు గ్రో లైట్ అవసరం లేదు, హాల్లో ఆ రంగు చూడలేం కూడా. కాకపోతే చీకట్లో ఉన్న ప్రతి మొక్కకీ బల్బు పెట్టుకుంటూ పోలేం, అందుకే టీవీ మూల ఖాళీ చేయించా. కోడలు గారికి అక్కడ పచ్చగా ఏదో ఒకటి ఉండాల్సిందే, సో తలుపు దగ్గర బలంగా ఉన్న స్నేక్ ప్లాంట్‌ని పండక్కో చుట్టాలొచ్చినప్పుడో అక్కడ పెట్టి తర్వాత మళ్ళీ వెలుతురుకి తెచ్చేయడం అని ఒప్పందం.

దసరా నాటికి లెక్క చూస్తే 22లో 19 ఉన్నాయి. పోయినవి స్నేక్ ఒకటి, పీస్ లిల్లీ ఒకటి, హాలు అరెకా ఒకటి. స్నేక్ ఆకు ముక్కలకి కింద వేళ్ళొచ్చాయి, పిల్ల ఇంకా పైకి రాలేదు, దానికి నెలలు పడుతుంది. మనీ ప్లాంట్లు సీసాల్లోంచి కుండీల్లోకి వెళ్ళిపోయాయి, ఒక్కో కుండీలో నాలుగైదు ముక్కలు కలిపి పెట్టాం, గుబురుగా కనిపించడానికి. జీజీ రెండూ కొత్త కాడలు వేశాయి. పసుపు పడిన పాత ఆకులు మళ్ళీ పచ్చబడలేదు, బడవు కూడా, అవి తీసేసి కొత్త ఆకు ఎలా వస్తోందో చూసుకోవాలి. నల్ల దోమలు అట్టల మీద వారానికి ఒకటి రెండు పడుతున్నాయి, ఆ మాత్రం ఏ ఇంట్లోనైనా ఉంటాయి.

తేలనివి రెండున్నాయి. బాల్కనీ అరెకాల కొత్త ఆకులు చివర్లు ఎండకుండానే వస్తున్నాయి గానీ ముద్ద మధ్యలో ఇంకా బంక ఉంది, వచ్చే ఎండాకాలం అది మళ్ళీ గట్టిపడే చాన్స్ ఉంది కాబట్టి మార్చి నుంచి నెలకోసారి బకెట్‌లో ముంచాలని ఫ్రిజ్ మీద రాసి అంటించా. రెండోది రబ్బర్ ప్లాంట్, దాని ముద్ద కూడా అదే బంకమట్టి, ఇప్పుడు ఆకులు వేస్తూ బాగుంది, ఫిబ్రవరి చివర్లో కొత్త చిగురు పడే ముందు విప్పుదాం అని చెప్పి వచ్చా.